కాకినాడ రంగస్థలము – రాత్రి వేడుకలు

మన యుద్దానపు పల్లెలలో తెల్లవార్లు ఆడెడి తూర్పు భాగవతమును చూచినవారికి సత్యభామ పరిచితురాలే. సంప్రదాయము ననుసరించి ఆ వేషమును పురుషుడే ధరించును. పట్టణములలో వెలసిన క్రొత్త నాటకములందును చాలకాల మిట్లే జరిగెను. ఆటపాటలందు ఆరితేరిన స్త్రీలుండగా ఇట్లేల జరిగెను? మన తీరమున కళింగపట్నము, బారువ పూర్వము వర్తకపు రేవులే యైనను, ఈ ప్రశ్నకు ఉత్తరము కాకినాడ రేవు చరిత్రయందు విశదముగా కానవచ్చును.

1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి కాలువలమీద సరకుల పడవలు కాకినాడకు రాసాగెను. 1861 మొదలు 1865 వరకు జరిగిన అమెరికా అంతర్యుద్ధ కాలమున ప్రత్తి యెగుమతి హెచ్చెను. వర్తకులు, గుమాస్తాలు, వకీళ్లు, ఉపాధ్యాయులు పట్టణమున చేరిరి. పగలు పనిచేసినవారు రాత్రి వినోదమును కోరుట సహజము.

గోదావరి సీమలో అంతకు పూర్వమునుండియు సంగీత నృత్యములను పోషించుకొని వచ్చినవారు కళావంతుల స్త్రీలు. వారు బాల్యమునుండి గానమును, అభినయమును అభ్యసించి, దేవాలయములందును, ధనికుల పెండ్లిండ్లలోని మేజువాణులందును ఆడిపాడెడివారు. ఇతర స్త్రీలకు అక్షరజ్ఞానమే దుర్లభమైన దినములలో వారిలో పలువురు కావ్యములు చదివిరి. కాని ఆ విద్యను వెన్నంటి బంధన మొకటి యుండెను. బాలికను ఆమె సమ్మతి నడుగకయే దేవున కర్పించెడివారు. పిదప ఆమె బ్రతుకు ధనవంతుల దయపై నాధారపడెడిది.

సంస్కర్తలు ఈ యాచారమును ఖండించిరి. 1893లో మదరాసు సంస్కరణవాదులు, ఇట్టి నృత్యసభలకు పోవలదని రాజప్రతినిధికిని గవర్నరుకును విన్నపము పంపిరి. ఆ కాలముననే క్రొత్త నాటకము తల యెత్తెను. 1880లో కందుకూరి వీరేశలింగము రాజమహేంద్రవరమున విద్యార్థులచే నాటకము లాడించిరి. 1892లో విజయనగరమున గురజాడ అప్పారావు రచించిన కన్యాశుల్కము ప్రదర్శితమయ్యెను. అందు మధురవాణి వేశ్య. అయినను ఆ నాటకములో ఆమెను మించిన బుద్ధిశాలి లేదు. ఆమె వంటి స్త్రీలు మాత్రము ఆ నాటకసమాజములలో చేరుటకు వీలులేకపోయెను. వారితో కూడి రంగమెక్కినచో అపకీర్తి వచ్చునని తలంచి, గౌరవము కోరిన సమాజములు పురుషులకే చీర కట్టించెను.

20వ శతాబ్దపు తొలి సంవత్సరములలో కాకినాడయందు సరస్వతీ గానసభ వెలసి, సంగీతోత్సవములతో ప్రసిద్ధి కెక్కెను. పిదప యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకముల కాశ్రయమయ్యెను. అగ్నిమాపక శాఖలో ఉద్యోగము చేసిన యస్. వి. రంగారావు, హాస్యనటుడు రేలంగి, సంగీతదర్శకుడు ఆదినారాయణరావు ఈ క్లబ్బునకు సంబంధించినవారే. అంజలీదేవియు ఆ రంగముపై నటించి, సి. పుల్లయ్య దృష్టి నాకర్షించి, 1947లో వచ్చిన గొల్లభామ చిత్రముతో పేరొందెను. స్త్రీ పాత్రను స్త్రీయే గౌరవముతో ధరించు దినములు వచ్చెను.

ఆ 1947లోనే మదరాసు ప్రభుత్వము దేవదాసీ నిషేధ శాసనము గావించెను. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి పెక్కేండ్లు చేసిన కృషికి ఫలమిది. బాలికలకు విముక్తి కలిగెను; ఇది నిస్సందేహముగా మేలు. కాని ఆ విద్యనే నమ్మి బ్రతికిన వృద్ధులకు జీవనమును, వారి నృత్యమునకు వేదికయు కరవాయెను. తరువాతి కాలమున నటరాజ రామకృష్ణ వారిని వెదకి, వారివద్ద నేర్చి, ఆ కళకు ఆంధ్రనాట్యమను పేర మరల ప్రాణము పోసిరి.

విద్యార్థులారా! దురాచారమును తొలగించుట వేరు. దానికి లోబడినవారిని త్రోసివేయుట వేరు. కాకినాడ రంగస్థలము ఈ భేదమును గ్రహించుటకు చాలకాలము పట్టెను. మీ గ్రామమున భాగవతులయు, గాయకులయు చరిత్ర వ్రాయబూనినచో, సభలో మన్నన పొందినవారిని మాత్రమే గాక, విద్య యుండియు సభలోనికి రానీయబడనివారిని గూర్చియు పెద్దల నడిగి వ్రాసికొనుడు.