దప్తరం

ప్రభుత్వ వ్యవహారానికి రాతయే ఆధారం. ఏ భూమి ఎవరి అనుభవంలో ఉన్నదో, దానికి శిస్తు ఎంతో, ఎవరి దరఖాస్తుపై ఏ అధికారి ఏమి నిర్ణయించారో తెలిపేవి దస్త్రాలు. వాటిని క్రమంగా పేర్చి, బట్టలో కట్టి దాచిన మూటకు దప్తరమని పేరు. ప్రభుత్వోద్యోగంలో కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంటు మొదట నేర్వవలసిన పనులలో దస్త్రాల నిర్వహణ ముఖ్యమైనది. చూపులకు చిన్నపనిగా తోచినా, ఎందరి బ్రతుకుతెరువో దానిపై ఆధారపడి ఉంటుంది. కర్నూలు జిల్లా పడమటి సీమలోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలను పరిశీలిస్తే ఈ సంగతి బోధపడుతుంది.

కవిలె నుండి కాగితానికి

పూర్వం గ్రామ లెక్కలను కరణాలు కవిలెలుగా వ్రాసి ఉంచేవారు. కన్నడసీమలోనూ దానికి ఆనుకొని ఉన్న ప్రాంతాలలోనూ తాటాకులతో పాటు కడితాలు కూడా వాడుకలో ఉండేవి. గుడ్డకు చింతగింజల జిగురు, బొగ్గుపొడి పట్టించి, ఆరబెట్టి, మడతలు పెట్టినదే కడితం. దానిపై బలపంతో వ్రాసేవారు.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేసి, పొలాలను కొలిపించి, రైతువారీ విధానానికి పునాది వేశాడు. ప్రతి పొలానికి ఒక సంఖ్య, విస్తీర్ణం, శిస్తు, రైతు పేరు నమోదయ్యాయి. నాటి నుండి రైతు హక్కు పుస్తకంలోని ఒక వరుసపై నిలిచింది.

ఎమ్మిగనూరుతో కూడిన ఆదోని తాలూకా చిరకాలం బళ్ళారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరాయి. కనుక పాత పత్రం తలపై 'బళ్ళారి జిల్లా' అని కనిపిస్తే, ఇది మన కార్యాలయానిది కాదని పక్కన పడవేయరాదు. కొన్ని పత్రాలు కన్నడ లిపిలో ఉండవచ్చు. చదవగలిగిన వారి సాయం తీసుకోవాలి.

సంవత్సరాల లెక్క కూడా తెలియాలి. రెవెన్యూ లెక్కలు ఫసలీ ప్రకారం సాగుతాయి. ఫసలీ జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. అది మొదలైన క్రీస్తు సంవత్సరం నుండి 590 తీసివేస్తే ఫసలీ సంఖ్య వస్తుంది. 1953 జూలైలో మొదలైనది 1363వ ఫసలీ. తాలూకా ఒక జిల్లా నుండి మరొక జిల్లాకు మారినది ఆ ఫసలీ నడుమనే. ఈ లెక్క తెలియని ఉద్యోగి ఒక కట్టలో ఉన్న పత్రాన్ని మరొక కట్టలో వెదకి, దొరకలేదని వ్రాసే ప్రమాదం ఉన్నది.

1984లో కరణాల పదవులు రద్దయ్యాయి. 1985లో మండలాలు ఏర్పడ్డాయి. వంశపారంపర్యంగా ఒక కుటుంబం చేతిలో ఉంటూ వచ్చిన గ్రామ లెక్కలు పూర్తిగా కార్యాలయ బాధ్యత అయ్యాయి. కరణానికి కంఠస్థమైన సంగతులను కొత్త ఉద్యోగి పత్రాల ద్వారానే తెలుసుకోవాలి.

తపాలు నుండి దప్తరం దాకా

కార్యాలయానికి వచ్చిన ప్రతి ఉత్తరాన్ని తపాలు అంటారు. దానికి తేదీ ముద్ర వేసి, సంఖ్య ఇచ్చి, సంబంధించిన సీటుకు పంపుతారు. ఆ సీటులోని అసిస్టెంటు దానిని తన పర్సనల్ రిజిస్టరులో ఎక్కించుకుంటాడు. వచ్చిన పత్రాలు, పంపిన జవాబులు కరెంటు ఫైలులో చేరుతాయి. ఆ విషయంపై అసిస్టెంటు వ్రాసిన వివరణ, అధికారి ఆజ్ఞ నోటు ఫైలులో ఉంటాయి. మద్రాసు రాష్ట్ర కాలం నుండి వచ్చిన ఈ క్రమానికి టాటెన్‌హామ్ పద్ధతి అని పేరు.

వ్యవహారం ముగిసిన పిమ్మట ఫైలును ఎంతకాలం దాచాలో నిర్ణయించాలి. శాశ్వతంగా ఉంచవలసినది ఆర్.డిస్., పదేళ్లు ఉంచవలసినది డి.డిస్., మూడేళ్లు ఉంచవలసినది కె.డిస్., ఒక ఏడాది ఉంచవలసినది ఎల్.డిస్. ఒక్క అక్షరం పొరపాటుగా పడితే శాశ్వతంగా నిలవవలసిన భూమి ఆజ్ఞ మూడేళ్లకే నాశనమవుతుంది. తర్వాత ఎవరు ఎంత వెదకినా ప్రయోజనం ఉండదు.

ఒక వరుస విలువ

ఆదోని డివిజనులో వర్షం నమ్మదగినది కాదు. తుంగభద్ర దిగువ కాలువ నీరు అందని మెట్టపొలాల వారు ఏటా సుగ్గికి వెళతారు. గుంటూరు ప్రాంతంలో మిరపకాయలు కోసి, పత్తి తీసి, కొన్ని నెలలకు తిరిగివస్తారు. అటువంటి కుటుంబంలో తండ్రి మరణించాడనుకుందాం. కొడుకులు తమ పేర్లు ఎక్కించమని దరఖాస్తు పెడతారు. అడంగలులో తండ్రి పేరు ఒక విధంగా, పాసుపుస్తకంలో మరొక విధంగా ఉంటుంది. ఇద్దరూ ఒక్కరే అని తేల్చే పాత ఆజ్ఞ రికార్డు గదిలో ఉన్నది. అది దొరికితే చిక్కు త్వరగా తీరుతుంది. దొరకకపోతే తగాదా న్యాయస్థానానికి ఎక్కవచ్చు. కార్యాలయానికి వచ్చిన ప్రతిసారీ వారికి ఒక రోజు కూలి పోతుంది. తిరిగి సుగ్గికి బయలుదేరే వేళకు పని కాకుంటే, ఆ సంవత్సరం బ్యాంకు అప్పు కూడా అందకపోవచ్చు.

ఈ సత్యం పొలాలకే పరిమితం కాదు. మాచాని సోమప్ప కృషితో 1938లో ఏర్పడిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం వంటి సంస్థలలోనూ సభ్యుని వాటాకు పుస్తకంలోని పద్దే సాక్ష్యం.

కొత్త ఉద్యోగి పాటించవలసినవి

బాధ్యత స్వీకరించిన రోజుననే జాబితా ప్రకారం ఫైళ్లను సరిచూసుకొని, లేనివాటిని వ్రాతపూర్వకంగా పై అధికారికి తెలపాలి. ప్రతి పుటకు సంఖ్య వేయాలి. గదిలో నుండి ఫైలు బయటికి వెళితే, తీసుకున్నవారి సంతకంతో కూడిన చీటీని దాని స్థానంలో ఉంచాలి. తప్పుపడిన అంకెను చెరిపివేయరాదు; పాత అంకె కనబడేటట్లు అడ్డగీత గీచి, పక్కన సరైనది వ్రాసి, అధికారి పొడిసంతకం, తేదీ వేయించాలి. కట్టలను తడిగోడకు ఆనించి పెట్టరాదు. చెద పట్టినదేమో తరచుగా చూడాలి. చిరిగిన పాత కాగితానికి అంటుటేపు వేయరాదు. కాలక్రమాన దాని జిగురు కాగితాన్ని మరింత చెరుస్తుంది.

2005 నాటి సమాచార హక్కు చట్టం దస్త్రాలను వర్గీకరించి, సూచికలతో ఉంచవలసిన విధిని కార్యాలయాలపై మోపింది. అడిగిన సమాచారాన్ని సాధారణంగా 30 రోజులలో ఇవ్వాలి. 2015లో వచ్చిన మీభూమి ద్వారా రైతు తన అడంగలు, 1-బి నకళ్లను తానే చూసుకోగలుగుతున్నాడు. 2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే ఆరంభమైంది. అయితే యంత్రంలో కనిపించేది ఎవరో ఎక్కించినదే. ఎక్కించిన దానిపై సందేహం కలిగినప్పుడు మూలపత్రమే దానిని తీర్చాలి. కనుక కంప్యూటరు వచ్చినంత మాత్రాన దప్తరం అవసరం తీరిపోలేదు.

ఉద్యోగులు బదిలీ అవుతారు, పదవీ విరమణ చేస్తారు. వారి వెనుక కార్యాలయానికి జ్ఞాపకంగా మిగిలేది దస్త్రమే. అక్షరం రానివాడు కూడా తన హక్కును దానికి అప్పగించి, నమ్మకంతో ఇంటికి వెళతాడు. ఆ నమ్మకాన్ని కాపాడటమే దస్త్రాల నిర్వహణకు పరమార్థం.

ప్రశ్నలు

1. ఆదోని ప్రాంతపు పాత పత్రాలను వెదకేవారికి 1953 నాటి మార్పు ఎందుకు తెలిసి ఉండాలి?
2. ఫసలీ అనగానేమి? 1984 జూలైలో మొదలైన ఫసలీ సంఖ్యను కనుగొనండి.
3. ఫైలును దాచవలసిన కాలాన్ని నిర్ణయించడంలో పొరపాటు జరిగితే కలిగే నష్టమేమి?
4. "కంప్యూటరు వచ్చినంత మాత్రాన దప్తరం అవసరం తీరిపోలేదు" - సమర్థించండి.