గుర్రము కాలు దువ్వుట: కారణములు, మాన్పించు విధానము



పోట్లాటకు సిద్ధపడిన వానిని "కయ్యమునకు కాలు దువ్వుచున్నాడు" అందుము. ఆబోతు విషయమున ఈ మాట సరిపోవును గాని, గుర్రము విషయమున చాలవరకు సరిపోదు. గుర్రము ముందుకాలితో నేలను గీరుట ఏదో ఒకటి కోరుటకో, తన బాధను తెల్పుటకో చేయు పని. కోరికను బాధగా పొరబడినచో పెద్ద నష్టము లేదు. బాధను పొగరుగా పొరబడి కర్ర తీసినచో గుర్రమే దక్కకపోవచ్చును.

అనంతగిరి, పాడేరు కొండలలో బండిదారి లేని గూడెములు నేటికిని కలవు. కాఫీ గింజలు, మిరియాలు, చింతపండు సంతకు దింపుటకును, బియ్యము, ఉప్పు ఇంటికి చేర్చుటకును గుర్రముపై ఆధారపడు కుటుంబములు అచ్చట ఉన్నవి. అట్టి ఇంట గుర్రము పోయినచో ఆ బరువంతయు తిరిగి మనిషి భుజముమీది కావడికి ఎక్కును. అందుచేత ఈ చిన్న విషయమును శ్రద్ధగా తెలిసికొనుట అవసరము.

ఎందుకు దువ్వును?

కాలితో త్రవ్వుట గుర్రమునకు పుట్టుకతో వచ్చిన గుణము. సైబీరియాలోని యాకూట్ గుర్రములు చలికాలమున మంచును గిట్టలతో తొలగించి అడుగునున్న గడ్డి మేయును. అమెరికా ఎడారులలో అడవి గుర్రములు, గాడిదలు నీటికై రెండు మీటర్ల లోతువరకు గుంటలు త్రవ్వుచున్నవని 2021లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. కట్టివేసిన గుర్రము కూడ ఆకలి, దప్పిక, విసుగు, తోడులేమి కలిగినప్పుడు ఆ కాలినే వాడును. పొర్లాడుటకు ముందును నేల గీరును.

అయితే కడుపు శూల వచ్చినప్పుడును గుర్రము మొదట చేయు పనులలో ఇది ఒకటి. పెద్ద గుర్రమునకైనను పొట్ట 8 నుండి 15 లీటర్లు మాత్రమే పట్టును. గుర్రము వాంతి చేసికొనలేదు. కావున తిన్నది లోపల నిలిచిపోయినను, పులిసి ఉబ్బినను ప్రమాదము త్వరగా ముదురును.

ముందుగా జబ్బు కాదని తేల్చుకొనుడు

ఈ క్రింది విషయములను వరుసగా చూడవలెను.

1. వేళ: మేత వేళకో, జత గుర్రము దూరమైనప్పుడో మాత్రమే దువ్వి, తరువాత మానినచో అది అలవాటు కావచ్చును. వేళకాని వేళ క్రొత్తగా మొదలుపెట్టినచో అనుమానింపవలెను.

2. మేత: గుప్పెడు పచ్చగడ్డి చూపుడు. ఆత్రముగా తిన్నచో కొంత ధైర్యము. ముఖము త్రిప్పుకొన్నచో జబ్బని తలచుడు.

3. చూపు: మాటిమాటికి డొక్క వైపు చూచుట, కడుపును తన్నుకొనుట, పడుకొని లేచుట, పొర్లుట, ఊరక చెమట పట్టుట శూల లక్షణములు.

4. లద్దె: ఎప్పుడు వేసినది, గట్టిగా ఉన్నదా అని చూడుడు. డొక్కకు చెవి ఆనించి రెండు ప్రక్కల వినుడు. ఆరోగ్యమైన కడుపులో గుడగుడ శబ్దము వినిపించును. ఏమియు వినిపించనిచో ప్రమాదము.

5. నాడి: దవడ ఎముక అడుగు అంచున వ్రేలితో నాడి పట్టి, 15 సెకండ్లు లెక్కించి నాలుగుతో గుణింపుడు. విశ్రాంతిగా ఉన్న గుర్రమునకు నిమిషమునకు 28 నుండి 44 వరకు ఉండును. 60 దాటినచో ఆలస్యము పనికిరాదు.

6. గిట్ట: ఒకే కాలిని ముందుకు చాచి నిలుచుట, గిట్ట వేడిగా ఉండుట కాలినొప్పికి గుర్తులు. గిట్టలో రాయి, మేకు, చీము ఉన్నవేమో చూడవలెను.

శూల అని తోచినచో

మేత వెంటనే తీసివేయుడు. గాడిలో ఒక్క గడ్డిపోచ కూడ ఉంచరాదు. పడి పొర్లి దెబ్బలు తగిలించుకొనుచున్నచో మెల్లగా నడిపింపవచ్చును గాని, అలసిపోవునట్లు త్రిప్పరాదు. వెదురు గొట్టముతో నూనె, కషాయము, సారా పోయుట మిక్కిలి అపాయకరము. అది ఊపిరితిత్తులలోనికి పోయినచో శూలతో చావని గుర్రము మందుతో చచ్చును. పశువైద్యశాలకు కబురంపుడు. సంచార పశువైద్య వాహనమునకై 1962 అను ఉచిత నంబరునకు ఫోను చేయవచ్చును. వాహనము గూడెమువరకు రాజాలదు గనుక, గుర్రమును దారివద్దకు దింపవచ్చునా అని వైద్యునే అడుగవలెను. ఫోను పలుకని చోట మనిషిని మొదటి గంటలోనే పంపుడు. చీకటి పడువరకు వేచి చూడకుడు.

అలవాటే అయినచో

ఈ అలవాటును చాలవరకు మనమే నేర్పుచున్నాము. గుర్రము కాలు దువ్వగానే ఉలవల బుట్ట తెచ్చి పెట్టినచో, దువ్వితే ఉలవలు వచ్చునని దానికి తెలియును. పది సార్లలో ఒక్కసారి లొంగినను ఆ పాఠము మరింత గట్టిపడును.

కనుక బుట్టతో నాలుగడుగుల దూరమున నిలువుడు. నాలుగు కాళ్లును నేలపై ఆనిన తరువాత మూడు అంకెలు లెక్కించి బుట్ట పెట్టుడు. మరల దువ్వినచో మాటలాడక వెనుకకు తగ్గుడు. క్రమముగా మూడును పది, పదిని ఇరువది చేయుడు. తొలి దినములలో దువ్వుట హెచ్చును. అది ఓటమి కాదు, పాత ఉపాయము పారలేదని గుర్రము గట్టిగా ప్రయత్నించుట మాత్రమే. ఇంటిల్లిపాదియు ఒకే పద్ధతి పాటింపవలెను. పెద్దలు నిగ్రహించినను పిల్లలు జాలిపడి పెట్టినచో శ్రమ వృథా.

దీనితోపాటు విసుగుకు మూలము తీయవలెను. గుర్రము స్వేచ్ఛగా ఉన్నప్పుడు రోజులో సగమునకు పైగా మేయును. 200 కిలోల గుర్రమునకు దినమునకు కనీసము 3 కిలోల ఎండుగడ్డి, వీలైన 4 కిలోలు, పలుమారులుగా వేయవలెను. ధాన్యము కొంచెము కొంచెముగా, గడ్డి తిన్న తరువాతనే పెట్టవలెను. మంచినీరు ఎల్లప్పుడు అందుబాటులో ఉండవలెను. పని లేని దినములలో మేతకు విడువుడు. పాకలో త్రవ్విన గుంటను కంకర, మట్టి వేసి దిమ్మిసతో గట్టిపరచుడు. దువ్వెడి కాలి గిట్టకొన అరిగిపోవును గావున ఆరు, ఎనిమిది వారములకొకసారి గిట్టలు చూపించి సరిచేయింపుడు.

కాళ్లకు గొలుసులు కట్టుట, కొట్టుట పనికిరావు. దెబ్బకు భయపడిన గుర్రము ఇరుకు కొండదారిలో మిమ్ములను నమ్మదు. ముళ్లతీగ దగ్గర కట్టకుడు. కాలు చిక్కి గాయమైనచో ధనుర్వాతము సోకు భయము గుర్రములకు చాల ఎక్కువ. ఆ టీకాను గూర్చి పశువైద్యుని అడిగి వేయింపుడు.

గెడ్డ దాటునప్పుడు

నీటిలో నిలిచిన గుర్రము కాలితో నీరు కొట్టుట మొదలుపెట్టినచో, అది పడుకొనబోవుచున్నదని గ్రహింపుడు. వీపున బస్తా ఉన్నదని అది ఆలోచింపదు. వెంటనే ముందుకు నడిపింపుడు. ఆగినచో సరుకు తడియును, జీను చెడును, కాలు మెలిపడును. గెడ్డ చేరకముందే నీరు త్రాగించి, బరువు దింపి కొంతసేపు విశ్రాంతి ఇచ్చుట మేలు.

గ్రామోద్యోగులకు ఒక మనవి. సంతలో గుర్రములు గంటల తరబడి ఎండలో కట్టియుండుట కద్దు. ఒక చెట్టునీడ, ఒక నీటితొట్టి ఏర్పాటు చేసినచో అచ్చట సగము గుర్రములు కాలు దువ్వుట మానును. పశువైద్యశాల నంబరును సంతలో అందరికి కనబడునట్లు వ్రాయించుడు.

గుర్రమునకు నోట మాట లేదు. అది కాలితో అడుగును. ఏమి అడుగుచున్నదో తెలిసికొన్న పిదపనే ఈయవలెనా, మాన్పవలెనా, వైద్యుని పిలువవలెనా అని నిర్ణయింపుడు.