కండబలం – బుద్ధిబలం

పాఠ్యభాగ పరిచయం

వృద్ధాప్యంలో మతిమరపు మెదడుకు సంబంధించినదనీ, నడకలో తడబాటు కాళ్లకు సంబంధించినదనీ విడదీసి చూడటం లోకం అలవాటు. ఈ రెండింటికీ గల సంబంధాన్ని వివరించి, ఇంట్లోని పెద్దల పట్ల యువతరం బాధ్యతను గుర్తుచేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

వార్ధక్యం అనగానే నెరసిన తల, ముడుతలు పడిన చర్మం, చేతికర్ర కళ్లముందు మెదులుతాయి. ఈ మార్పులకంటే ముందుగానే కంటికి కనిపించని మరొక మార్పు శరీరంలో ఆరంభమవుతుంది. అది కండరాల క్షయం. ముప్పయ్యో ఏడు దాటిన తరువాత ప్రతి పదేళ్లకూ సుమారు 3 నుంచి 8 శాతం కండ తగ్గుతుందనీ, అరవై దాటాక ఆ వేగం హెచ్చుతుందనీ వైద్యుల అంచనా. కండ కరిగిన చోట కొవ్వు చేరడం వల్ల ఈ నష్టం తరచుగా తూకానికి అందదు. కుర్చీలోంచి లేవడానికి చేతులు ఊనవలసి వచ్చిన రోజున గాని తెలిసిరాదు.

చాలాకాలం దీనికి ప్రత్యేకమైన పేరే లేదు. 1988లో జరిగిన ఒక సదస్సులో అమెరికా శాస్త్రవేత్త ఇర్విన్ రోజెన్‌బర్గ్ దీనికి ‘సార్కోపీనియా’ అనే పేరును సూచించాడు. గ్రీకు భాషలో ‘సార్క్స్’ అంటే మాంసం, ‘పీనియా’ అంటే లేమి. 2016లో అమెరికా వ్యాధుల వర్గీకరణ పట్టికలో దీనికి ప్రత్యేక స్థానం లభించింది. ముసలితనంలో ఇది మామూలే అనుకున్నది, పట్టించుకోవలసిన రుగ్మతగా గుర్తింపు పొందింది.

మెదడు ఆజ్ఞాపిస్తుంది, కండరం పాటిస్తుంది. కండరాన్ని గురించి పూర్వపు భావన ఇంతే. అయితే పనిచేసే కండరం కొన్ని రసాయనాలను రక్తంలోకి విడుదల చేసి ఇతర అవయవాలకు సందేశాలు పంపుతుందని డెన్మార్క్‌కు చెందిన బెంటె పెడర్సన్ బృందం నిరూపించింది. వీటికి ‘మయోకైన్లు’ అని పేరు. 2012లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ స్పీగల్‌మన్ బృందం అటువంటి ఒక పదార్థాన్ని గుర్తించి ‘ఐరిసిన్’ అని పేరు పెట్టింది. లోకాల మధ్య వార్తలు మోసే నారదుని వంటి పాత్ర గ్రీకు పురాణాలలో ఐరిస్ దేవతది. ఆమె పేరే దీనికి ఆధారం. ఐరిసిన్ ప్రభావంతో జ్ఞాపకశక్తికి నెలవైన ‘హిప్పోక్యాంపస్’ అనే మెదడు భాగంలో నాడీకణాలను పోషించే ప్రోటీన్ పెరుగుతుందని మరుసటి సంవత్సరం ఎలుకలపై జరిపిన ప్రయోగాలలో తేలింది.

మనుషులలోనూ ఈ సంబంధానికి నిదర్శనాలున్నాయి. బ్రిటన్‌లో 324 మంది కవల స్త్రీలను పదేళ్లపాటు పరిశీలించిన ఫలితాలు 2015లో వెలువడ్డాయి. కవలలకు పుట్టుకా, బాల్యమూ ఒక్కటే. అయినా మొదట్లో కాళ్లలో ఎక్కువ శక్తి ఉన్నవారికి పదేళ్ల తరువాత మేధాశక్తి సాధారణంగా మెరుగ్గా నిలిచింది. 2011లో ప్రకటితమైన మరొక అమెరికా పరిశోధన నడకకు సంబంధించినది. 120 మంది వృద్ధులలో సగం మంది ఏడాదిపాటు వారానికి మూడు రోజులు నడిచారు. క్రమంగా పెంచుతూ రోజుకు 40 నిమిషాల నడక సాధించారు. వారి హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే తేలిక వ్యాయామాలు మాత్రమే చేసినవారిలో అది 1.4 శాతం తగ్గింది.

కండ తగ్గిన ప్రతివారికీ మతిమరపు వ్యాధి వస్తుందని దీని అర్థం కాదు. మెదడు మందగించడం మొదలైనవారు కదలిక తగ్గించుకోవడం వల్ల కూడా కండ కరుగుతుంది. ఇది రెండెడ్ల బండి వంటిది. ఏ ఎద్దు చతికిలబడినా రెండోదాని నడక కుంటుపడుతుంది.

మరి కరిగిన కండ తిరిగి వస్తుందా? 1990లో ప్రకటితమైన ఒక ప్రయోగం దీనికి సమాధానమిచ్చింది. అమెరికాలోని బోస్టన్ నగరంలో, ఒక వృద్ధుల సంరక్షణాలయంలో ఉంటున్న పదిమంది చేత ఎనిమిది వారాలపాటు వైద్యుల పర్యవేక్షణలో కాళ్లతో బరువులు ఎత్తించారు. వారి వయస్సు 86 నుంచి 96 ఏళ్లు. తొమ్మిది మంది చివరిదాకా నిలిచారు. వారి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర వదిలి నడిచారు. తొంభై ఏళ్ల కండరం కూడా పిలిస్తే పలుకుతుందని ఆ వృద్ధులు లోకానికి చాటారు.

భారతదేశంలో అరవై దాటినవారిలో సుమారు 7.4 శాతం మంది, అంటే దాదాపు 88 లక్షల మంది, మతిభ్రంశ వ్యాధితో బాధపడుతున్నారని 2023లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ఈ నేపథ్యంలో మన ఇళ్లలోని ఒక దృశ్యాన్ని పరికించాలి. అమ్మమ్మ నీళ్ల చెంబు అందుకోబోతుంది. “నీకెందుకమ్మమ్మా! నువ్వు కూర్చో, నేను తెస్తాను” అంటూ మనుమరాలు లాక్కుంటుంది. అందులో ప్రేమ ఉంది, గౌరవమూ ఉంది. కాని రోజూ లాక్కుంటున్నది చెంబును మాత్రమే కాదు. లేవడం, నడవడం, వంగడం, మోయడం అనే నాలుగు సాధనలను కూడా. “కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి” అన్న సామెత ఆస్తికే కాదు, కండకూ వర్తిస్తుంది.

అలాగని పెద్దల నెత్తిన బరువులు పెట్టమని కాదు. జారిపడే ప్రమాదమున్న పనులు పిల్లలే చేయాలి. చేయగలిగిన పనిని మాత్రం పెద్దల చేతిలో ఉంచి, పక్కన నిలబడాలి. అరవై అయిదు దాటినవారు కూడా వారానికి కనీసం రెండు రోజులు కండబలం పెంచే వ్యాయామం, మూడు రోజులు తూలకుండా నిలిపే సాధన చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. చారన్నంతో, మజ్జిగన్నంతో సరిపెట్టుకునే పెద్దలకు పప్పు, పాలు, గుడ్డు, శనగల వంటి మాంసకృత్తుల ఆహారం అందాలి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు వైద్యుని సలహా పాటించాలి.

కండబలం ముప్పయ్యో ఏటికల్లా పరాకాష్ఠకు చేరుతుంది. అంటే ఇంటర్మీడియట్ విద్యార్థుల వయస్సు దానిని కూడబెట్టుకునే కాలం. ఆటస్థలంలో గడిపిన సాయంత్రం చదువుకు నష్టం కాదు, రేపటి జ్ఞాపకశక్తికి పెట్టుబడి. సాయంకాలం తాతయ్యతో కలిసి వీధి చివరిదాకా నడిచే మనుమడు ఇద్దరికీ మేలు చేసినవాడవుతాడు.

కఠిన పదాలు – అర్థాలు

వార్ధక్యం = ముసలితనం
క్షయం = తరుగుదల
రుగ్మత = జబ్బు
నిదర్శనం = ఉదాహరణ, రుజువు
పరాకాష్ఠ = చివరి హద్దు, ఉన్నత స్థితి

ప్రశ్నలు

1. కండరానికీ మెదడుకూ గల సంబంధాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. ‘ఇది రెండెడ్ల బండి వంటిది’ – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
3. బోస్టన్ ప్రయోగం చాటిన సత్యమేమిటి?
4. పెద్దలను పని చేయనివ్వకపోవడం గౌరవమేనా? మీ అభిప్రాయం రాయండి.