క్యాన్సరు రోగి ఆహారము - కీటోనుల పరీక్ష

ఇంటిలో ఒకరికి క్యాన్సరు కలదని తెలిసినంతనే, చూడవచ్చిన ప్రతివారును ఆహారమును గురించి ఏదో యొక సలహా చెప్పి పోవుదురు. అన్నము, చక్కెర మాన్పించినచో కణితి ఆకలితో మాడి కృశించునని చెప్పుట ఇటీవల అధికమైనది. ఈ మాటలో కొంత శాస్త్రము లేకపోలేదు. కాని ఆ కొంతనే నమ్మి చికిత్సను విడిచినవారికి కలుగు నష్టము తీర్చరానిది.

కణితి కణములు ప్రాణవాయువు సమృద్ధిగా నున్నప్పుడు సయితము గ్లూకోసును విశేషముగా వ్యయపరచి లాక్టికామ్లముగా మార్చునని జర్మను శాస్త్రజ్ఞుడు ఆటో వార్‌బర్గ్ 1920వ దశకములో కనుగొనెను. నేడు పెట్ స్కానులో అనేక కణితులు వెలుగుచు కనబడుటకు ఈ గుణమే ఆధారము. ఇక కీటోజెనిక్ ఆహారము క్యాన్సరు కొరకు పుట్టినది కాదు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యుడు రసెల్ వైల్డర్ దానిని మూర్ఛరోగులకై సూచించెను. ఇందులో శక్తి యధికభాగము క్రొవ్వునుండి లభించును. పిండిపదార్థములు సాధారణముగా దినమునకు 20 మొదలు 50 గ్రాములకు మించరాదు. వండిన అన్నము 150 గ్రాములలోనే 40 గ్రాములకు పైగా పిండిపదార్థము కలదు. అనగా అన్నము, ఇడ్లీ, జొన్నరొట్టె, అరటిపండు మన విస్తరినుండి దాదాపుగా లేచిపోవలెను. అప్పుడు కాలేయము క్రొవ్వునుండి కీటోనులను తయారుచేయగా, మెదడు, గుండె, కండరములు వానిని ఇంధనముగా వాడుకొనును.

మరి కణితి మాడునా? అంత సులభముగా మాడదు. అన్నము మానినను రక్తమున చక్కెర పూర్తిగా తరిగిపోదు. కాలేయము మాంసకృత్తులనుండి గ్లూకోసును చేయగలదు. చాలినంత తినని రోగికి ఆ మాంసకృత్తులు అతని కండలనుండియే వచ్చును. కణితియు గ్లూకోసు నొక్కదానినే నమ్ముకొని యుండదు. గ్లియోబ్లాస్టోమా యను మెదడు కణితి మరల తలయెత్తినవారిపై జర్మనీలో జరిపి 2014లో ప్రకటించిన పరిశోధనలో, ఈ ఆహార మొక్కటియే కణితిని అరికట్టినట్లు కానరాలేదు. రేడియేషనుతో కలిపి పరీక్షించి 2020లో ప్రకటించిన పరిశోధనలోను, కణితి పెరుగక నిలిచిన కాలము మామూలు ఆహారము తిన్నవారికంటె అధికము కాలేదు. పరిశోధనలు సాగుచునే యున్నవి. ఇది నేటికి నిర్ధారితమైన చికిత్స కాదు.

వైద్యుని అనుమతితో ఈ ఆహారము తీసికొనువారు కీటోనులను కొలుచుకొనవలెను. మూత్రములో ముంచు పట్టీ చౌకయైనది; అసిటోఅసిటేటు ఉన్నచో అది ఊదారంగునకు మారును. కాని నీరు ఎక్కువ త్రాగినచో రంగు వెలవెలబోవును. సీసామూత సరిగా బిగింపనిచో మన వానకాలపు చెమ్మకు పట్టీలు పాడగును. వ్రేలినుండి రక్తపుబొట్టు తీసి మీటరుతో చూచు పరీక్ష ఇంతకంటె నమ్మదగినది. అది బీటా-హైడ్రాక్సీబ్యుటిరేటును మిల్లీమోలులలో తెలుపును. ఈ ఆహారముపై నున్నవారికి లీటరునకు 0.5 మొదలు 3 వరకు ఉండుట సామాన్యము. ఈ అంకె పెరిగినంత మాత్రమున కణితి తగ్గుచున్నదని తలంపరాదు. అది ఆహారము ఎట్లు సాగుచున్నదో చెప్పునే గాని వ్యాధిస్థితిని చెప్పదు. మెదడు వాపునకు డెక్సామెథసోను వాడువారికి రక్తమున చక్కెర పెరిగి, ఎంత నిష్ఠగా నున్నను కీటోనులు తక్కువగా కనబడవచ్చును. అందుకు రోగిని నిందింపరాదు.

మధుమేహము కలవారు తమంత తాము దీనికి పూనుకొనరాదు. ఇన్సులిను మోతాదు మార్చకున్న చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. తగినంత ఇన్సులిను లేనిచో రక్తము ఆమ్లమగును. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు మ్రింగువారిలో చక్కెర అంతగా పెరుగకయే ఈ యాపద రాగలదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసము కలిగి, కీటోనులు 3 దాటినచో క్షణము ఆలసింపక ఆసుపత్రికి పోవలెను. క్లోమము వాచినవారికిని, కాలేయము బాగుగా చెడినవారికిని ఈ ఆహారము తగదు.

మీటరుకంటె ముందు ఇంటిలో ఉండవలసినది తూకపు యంత్రము. క్యాన్సరు రోగికి దినమునకు కిలో బరువునకు ఒక గ్రామునకు తగ్గకుండ, వీలైనచో ఒకటిన్నర గ్రాము వరకు మాంసకృత్తులు అందవలెను. వారమున కొకసారి ఒకే వేళ తూచి పుస్తకమున వ్రాయుడు. అరువది కిలోల మనిషి ఆరు మాసములలో మూడు కిలోలకు మించి తగ్గినచో, ఏ ఆహారనియమము నందున్నను దానిని నిలిపి, ఆ పుస్తకమును వైద్యునికి చూపుడు.