ప్రశ్నలు - జవాబులు: సైట్ మీదే, తాళాలు ఎవరి దగ్గర?

జగదల్‌పూర్ తెలుగువారి నుంచి ఈసారి వెబ్‌సైట్ల మీద ప్రశ్నలు వచ్చాయి. అందరికీ పనికొచ్చే ఆరింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా తెలుగు సంఘానికి ఇన్నాళ్లూ ఫేస్‌బుక్ పేజీ, వాట్సాప్ గ్రూపులే దిక్కు. ఇప్పుడు సొంత వెబ్‌సైట్ పెట్టాలని కమిటీ తీర్మానించింది. మాలో కోడింగ్ వచ్చినవాళ్లు లేరు. కొందరు వర్డ్‌ప్రెస్ అంటున్నారు, కొందరు విక్స్ అంటున్నారు. ఏది మేలు?
- సంఘం కార్యదర్శి, జగదల్‌పూర్

జవాబు: కోడింగ్ అక్కర్లేదు. పేజీ రాయడం, ఫొటో ఎక్కించడం, మెనూ మార్చడం లాంటి పనులన్నీ బ్రౌజర్‌లోనే చేసుకోనిచ్చే సాఫ్ట్‌వేర్లున్నాయి. వాటినే కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు, పొట్టిగా సీఎంఎస్. వర్డ్‌ప్రెస్, జూమ్లా, డ్రూపల్ ఈ కోవలోవే, మూడూ ఉచితమే. 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్ మీద ఇవాళ ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా నడుస్తున్నాయి. మీకూ అదే చెప్తాను. మీ సైట్ చూసే కుర్రాడు రేపు ఉద్యోగం వచ్చి రాయ్‌పూర్ వెళ్లిపోతే, ఆ పని తెలిసిన ఇంకొకరు మీ ఊళ్లోనో విశాఖలోనో దొరుకుతారు. డ్రూపల్ తెలిసినవాళ్లు అంత తేలిగ్గా దొరకరు.

విక్స్ లాంటి వాటిలో సైట్ త్వరగా తయారవుతుంది, అప్‌డేట్ల బెడద ఉండదు. కానీ రేపు వాళ్లు ధర పెంచితే సైట్‌ని ఉన్నదున్నట్టు ఇంకోచోటికి తీసుకెళ్లలేరు. వర్డ్‌ప్రెస్‌ని ఏ హోస్టింగ్‌కైనా మార్చుకోవచ్చు. ఇక్కడో తిరకాసు ఉంది. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అనేది ఒక కంపెనీ నడిపే సర్వీసు. మీకు కావలసింది వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్‌లో దొరికే ఉచిత సాఫ్ట్‌వేర్.

సభ్యత్వ ఫారంలో పేరు, ఫోన్ నంబరు చాలు. ఆధార్ కాపీలు సైట్ ద్వారా తీసుకోవద్దు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది. తీసుకున్న ప్రతి వివరానికీ మీరే జవాబుదారీ.

ప్రశ్న: మా దుకాణానికి సైట్ చేసిపెట్టిన అబ్బాయి ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. డొమైన్ గడువు వచ్చే నెలలో అయిపోతుంది. అది అతని పేరు మీదే ఉందని ఇప్పుడు తెలిసింది. ఏం చెయ్యాలి?
- స్పేర్ పార్ట్స్ వ్యాపారి, జగదల్‌పూర్

జవాబు: నాకొచ్చే ఉత్తరాల్లో తరచూ కనిపించే కష్టం ఇదే. సైట్‌కి మూడు తాళాలుంటాయి: డొమైన్ కొన్న ఖాతా, హోస్టింగ్ ఖాతా, వర్డ్‌ప్రెస్ అడ్మిన్ లాగిన్. మొదటిది చేతిలో ఉంటే మిగతా రెండూ పోయినా సైట్ మళ్లీ కట్టుకోవచ్చు. మొదటిదే పోతే మీ విజిటింగ్ కార్డు మీదా, బోర్డు మీదా అచ్చేసిన చిరునామాయే పోతుంది.

ముందు ‘హూఈజ్’ సేవలో మీ డొమైన్ పేరు కొట్టి, దాన్ని ఏ రిజిస్ట్రార్ దగ్గర కొన్నారో, గడువు ఏ తేదీనో చూడండి. ఆ కంపెనీకి మీ జీఎస్టీ పత్రం, ఆ అబ్బాయికి డబ్బు పంపిన రసీదు జతచేసి మెయిల్ రాయండి. అతని ఇంటివాళ్ల ద్వారానైనా మర్యాదగా కబురు పంపండి. చాలామంది మోసం చేయాలని చేయరు, పట్టించుకోరంతే. డాట్ కామ్ పేర్లు గడువు దాటగానే చేజారవు. రెన్యువల్‌కి రిజిస్ట్రార్లు సాధారణంగా కొన్నాళ్లు అవకాశమిస్తారు, ఆ తర్వాత తొలగించినా 30 రోజుల పాటు అపరాధ రుసుముతో వెనక్కి తెచ్చుకునే వీలుంటుంది. డాట్ ఇన్ పేరైతే తగాదా తీర్చడానికి ఆ పేర్లను చూసే నిక్సీ సంస్థ వారి మధ్యవర్తిత్వ విధానం ఉంది. అయితే చిన్న దుకాణానికి ఆ ఖర్చు కంటే కొత్త పేరు కొనడమే చవక.

ఇకమీదట డొమైన్‌ని మీ పేరుతో, మీ మెయిల్‌తో, ఓటీపీ మీ ఫోన్‌కే వచ్చేలా కొనండి. పేజీలు రాసి పెట్టేవాళ్లకి ‘ఎడిటర్’ లాగిన్ ఇస్తే చాలు, ‘అడ్మిన్’ అక్కర్లేదు.

ప్రశ్న: మా సంఘం పాత సంచికలన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేసినవి. వాటిని కాపీ చేసి సైట్‌లో పెడితే పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు వస్తున్నాయి. మా పిల్లలకు తెలుగు చదవడం రాదు, హిందీలోనూ ఉండాలంటున్నారు.
- ఒక పాఠకురాలు, జగదల్‌పూర్

జవాబు: అను ఫాంట్లలో లోపల దాగేది ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలే, పైన కనిపించే బొమ్మ మాత్రం తెలుగు. ఆ ఫాంట్ లేనిచోట ముసుగు తొలగిపోతుంది. గూగుల్‌లో తెలుగులో వెతికినా ఆ రాత దొరకదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. మార్చాక ఒకరు కూర్చుని ప్రూఫ్ దిద్దాల్సిందే. వత్తులు, క్రారవడి, అంకెలు అక్కడక్కడ చెదురుతాయి.

థీమ్ ఎంచుకునేటప్పుడు ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ అని టైపు చేసి చూడండి. ఇంగ్లిష్ కోసం చేసిన థీముల్లో వరుసల మధ్య ఎడం తక్కువ, కింది వత్తులు తర్వాతి వరుసను తాకుతాయి. లైన్ హైట్ 1.7 దాకా పెంచండి, అక్షరాల మధ్య ఎడం సున్నాకి పెట్టండి. నోటో సాన్స్ తెలుగు, మండలి ఫాంట్లు ఉచితం, చదవడానికి హాయిగా ఉంటాయి.

పేజీ చిరునామా మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఇవ్వండి. తెలుగులో ఇస్తే ఒక్కో గుర్తూ తొమ్మిది అక్షరాల సంకేతంగా మారుతుంది. వర్డ్‌ప్రెస్ ఆ అక్షరాలను 200 వరకే ఉంచుకుంటుంది కాబట్టి ఇరవై రెండో గుర్తు దగ్గర చిరునామా తెగిపోతుంది.

హిందీకి పాలీల్యాంగ్ అనే ఉచిత ప్లగిన్ ఉంది. ఒకే వ్యాసం తెలుగు, హిందీ పేజీలను అది జతచేస్తుంది. జాబితాలో లేని భాషను మీరే చేర్చుకోవచ్చు కూడా. అంటే ఇక్కడి హల్బీ భాషలో పేజీ పెట్టాలన్నా దారి ఉంది, అక్కడ ఇవ్వాల్సిన హల్బీ భాషా సంకేతం ‘హెచ్ఎల్‌బీ’. మెషిన్ అనువాదాన్ని మాత్రం చదవకుండా అచ్చెయ్యొద్దు.

ప్రశ్న: గూగుల్‌లో మా స్కూల్ పేరు వెతికితే జపనీస్ అక్షరాలు, ఏవో అమ్మకాల పేజీలు వస్తున్నాయి. సైట్ తెరిస్తే మామూలుగానే ఉంది.
- ప్రైవేటు స్కూల్ నిర్వాహకులు, జగదల్‌పూర్

జవాబు: సైట్ హ్యాక్ అయింది. కొన్ని హ్యాక్‌లు అలాగే ఉంటాయి, గూగుల్‌కి ఒక ముఖం, మీకు ఒక ముఖం చూపిస్తాయి. డబ్బు పెట్టి కొనాల్సిన థీమ్‌ని ఎవరో ‘ఫ్రీ’గా తెచ్చి పెట్టారా, ప్లగిన్లు ఏళ్ల తరబడి అప్‌డేట్ కాలేదా, చూడండి. దొంగలు ఎక్కువగా వచ్చే దారులు ఈ రెండే.

హోస్టింగ్, అడ్మిన్, డేటాబేస్ పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి. యూజర్ల జాబితాలో తెలియని అడ్మిన్ ఉంటే తీసేయండి. వర్డ్‌ప్రెస్ ఫైళ్లు, థీమ్, ప్లగిన్లు అసలు చోటు నుంచి కొత్తగా ఎక్కించండి. వాడని ప్లగిన్ ఆపితే చాలదు, తొలగించాలి. పాత బ్యాకప్ ఎక్కించే ముందు అది హ్యాక్‌కి ముందుదో కాదో తేల్చుకోండి. చివరగా గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో కొత్త యజమాని ఎవరైనా చేరారేమో చూసి, ఆ చెత్త పేజీల తొలగింపుకు దరఖాస్తు పెట్టండి.

బ్యాకప్ అంటే ఫొటోల ఫోల్డర్ ఒక్కటే కాదు. మీరు రాసిన మాటలన్నీ డేటాబేస్‌లో ఉంటాయి. రెండూ తీసుకుని, ఒక కాపీ హోస్టింగ్‌కి బయట దాచాలి.

ప్రశ్న: చిత్రకోట్ దారిలో మాకు హోంస్టే ఉంది. హైదరాబాద్, విశాఖ నుంచి వచ్చేవాళ్లు సైట్ తెరుచుకోవడం లేదంటున్నారు. ఫొటోలు చాలా బాగుంటాయి.
- హోంస్టే యజమాని

జవాబు: ఆ బాగుండే ఫొటోలే అడ్డం. ఫోన్‌లో తీసిన ఫొటో అయిదారు ఎంబీ ఉంటుంది. జగదల్‌పూర్ దాటాక సిగ్నల్ అంతంత మాత్రం. ప్రతి ఫొటోనీ 1600 పిక్సెళ్ల వెడల్పుకి తగ్గించి వెబ్‌పీ రూపంలో పెట్టండి. వర్డ్‌ప్రెస్ 2021 నుంచి దాన్ని తీసుకుంటోంది. పైన తిరిగే స్లైడర్ తీసేయండి, వీడియో యూట్యూబ్‌లో పెట్టి లింకు ఇవ్వండి, క్యాషింగ్ ప్లగిన్ ఒకటి వేసుకోండి. ఫోన్ నంబరు బొమ్మలో కాకుండా నొక్కితే కాల్ వెళ్లేలా ఉండాలి.

ఇక పేజీలో రాసే మాటల సంగతి. వానాకాలంలో చిత్రకోట్ జలపాతం దగ్గర ఇంద్రావతి నిండుగా, ఎర్రగా దూకుతుంది. చలికాలంలో నీరు తగ్గి తెల్లబడుతుంది. ఏ నెలలో ఎలా ఉంటుందో నిజాయితీగా రాయండి. వానల్లో కుటుమ్‌సర్ గుహ మూసి ఉంటుందని ముందే చెప్పండి. విశాఖ-కిరండూల్ రైలు వేళలు మాత్రం మీ పేజీలో రాయకండి. అవి మారతాయి, మీరు మార్చడం మర్చిపోతారు. రైల్వే సైట్ లింకు ఇవ్వండి చాలు.

ప్రశ్న: ఢోక్రా బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్మాలనుకుంటున్నాను. ‘బస్తర్ ఢోక్రా’ అని రాసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, జగదల్‌పూర్

జవాబు: బస్తర్ ఢోక్రాకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది. ఇక్కడి కళాకారులు చేసినదైతే ఆ పేరు వాడండి, ఎవరు చేశారో వాళ్ల అనుమతితో పేరు కూడా రాయండి. వేరే ఊరి సరుక్కి ఆ పేరు పెడితే చట్టం ఒప్పుకోదు. దుకాణానికి వూకామర్స్ ప్లగిన్ సరిపోతుంది. అయితే సైట్ మీద దృష్టి పెట్టే ముందు, ఇత్తడి బొమ్మ విరక్కుండా చేరేలా ప్యాకింగ్ నేర్చుకోండి.

పాఠకులకు ఒక మాట. హరేలీ అమావాస్యతో బస్తర్ దసరా మొదలై 75 రోజులు సాగుతుంది. మీ సైట్లకు ఎక్కువమంది వచ్చే కాలమూ అదే. పెద్ద అప్‌డేట్లు, థీమ్ మార్పులు ఆ లోపే ముగించండి. ఈ ఆదివారమే ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసి బీరువాలో పెట్టండి: డొమైన్ గడువు తేదీ, అది ఏ మెయిల్ మీద ఉందో, హోస్టింగ్ ఎక్కడో, చివరి బ్యాకప్ ఎప్పుడు తీశారో. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి రాయలేకపోయినా, కొత్త పేజీ కట్టడం ఆపి ముందు దాని సంగతి చూడండి.