మిలిటరీ మనిషికి బాధేంటి అనుకోవద్దు

ప్రశ్న: సైనికుల ఆత్మహత్యలకు యుద్ధభయమే కారణమా?

జవాబు: అది ఒక్కటే కాదు. రక్షణ శాఖ పార్లమెంటుకు చెప్పిన కారణాల్లో కుటుంబ సమస్యలు, దాంపత్య కలహాలు, ఆర్థిక ఇబ్బందులు, ఒత్తిడి ఉన్నాయి. రాయలసీమలోని నంబులపూలకుంట లాంటి మెట్టప్రాంతం నుంచి వెళ్లిన జవానుకు బోరు ఎండిపోయిందన్న కబురు, గట్టు తగాదా, వడ్డీ బాకీ అన్నీ సరిహద్దులో ఉండగానే ఫోన్లో అందుతాయి. సెలవు దొరికేదాకా చేయగలిగింది ఉండదు. ఇది మన దగ్గరే కాదు; అమెరికాలో 2001 తర్వాతి యుద్ధకాలంలో పనిచేసిన సైనికులు, మాజీ సైనికుల్లో పోరులో చనిపోయినవారి కంటే ఆత్మహత్య చేసుకున్నవారు నాలుగు రెట్లు ఎక్కువని బ్రౌన్ విశ్వవిద్యాలయం 2021లో అంచనా వేసింది.

ప్రశ్న: రిటైరై ఇంటికొస్తే కుదుటపడతారు కదా?

జవాబు: అందరూ కాదు. చాలామంది జవాన్లు నలభై ఏళ్లలోపే బయటికొస్తారు. యూనిఫాం, తోటివాళ్లు, గంట ప్రకారం నడిచే రోజు ఒక్కసారిగా పోతాయి. రెండో ఉద్యోగం కుదరకపోతే ఆ ఖాళీ ఇంకా పెరుగుతుంది. నిద్ర పట్టడానికి క్యాంటీన్ మందు తాగడం మొదలైతే కుంగుబాటు ముదురుతుందే గాని తగ్గదు.

ప్రశ్న: చావు గురించి నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదా?

జవాబు: కాదు. నెమ్మదిగా, సూటిగా అడిగితే మనిషి బరువు దించుకుంటాడని వైద్యులు చెబుతారు. తాను భారమయ్యానని అనడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, ఎవరితోనూ కలవకపోవడం, రాత్రంతా మేలుకోవడం కనిపిస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో లైసెన్సు తుపాకి, పురుగుమందు ఉంటే వెంటనే వేరే చోటికి తరలించాలి. ఆ ఆవేశపు ఘడియ దాటించడమే చాలాసార్లు ప్రాణం నిలుపుతుంది.

ప్రశ్న: ఎవరిని అడగాలి? పోలీసు కేసు అవుతుందా?

జవాబు: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించకూడదు. చికిత్స ఇప్పించే బాధ్యత ప్రభుత్వానిది. మాజీ సైనికులకు వారి ఆరోగ్య పథకమైన ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్ ద్వారా వైద్యం అందుతుంది. పింఛను, ఉపాధి చిక్కులుంటే అనంతపురంలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని కలవవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే ఫోన్ చేయవచ్చు. సైనిక కుటుంబాల కోసం పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో 2023 డిసెంబరులో టెలీ మానస్ ప్రత్యేక విభాగం మొదలైంది. బాధపడే మనిషి ఫోన్ పట్టకపోతే ఇంట్లోవాళ్లే చేయాలి.