ఆటలో అత్యవసర వైద్యం - ఊరిలో మొదటి గంట



కంప్యూటరు ఆటలు అనగానే మనకు కారు పందేలు, తుపాకీ కాల్పులు గుర్తుకు వస్తాయి. అయితే ప్రాణం పోతున్న రోగిని కాపాడే ఆటలు కూడా ఉన్నాయి. అవి మనకు ఏమి నేర్పుతాయి, ఎక్కడ ఆగిపోతాయి, ఆగిపోయిన చోటు నుండి రొద్దం మండలంలోని మనం ఏమి చేయాలి అన్నదే ఈ పాఠం.

ఈ ఆటలు ఎలా వచ్చాయి?

విమానం నడపడం నేర్చుకునేవాడు ఆకాశంలో తప్పు చేస్తే ప్రాణం దక్కదు. అందుకే 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ నేల మీదే ఉండి నేర్చుకునే నమూనా విమానాన్ని తయారు చేశాడు. వైద్యంలోనూ అదే ఆలోచన వచ్చింది. 1960లో నార్వే దేశానికి చెందిన ఆట బొమ్మల తయారీదారు ఆస్ముండ్ లేర్డాల్ ‘రిససి ఆన్’ అనే మనిషంత బొమ్మను తెచ్చాడు. ఊపిరి ఆగిన మనిషికి ఎలా సాయపడాలో దాని మీద నేర్చుకున్నారు. 1960ల చివరిలో కాలిఫోర్నియాలో కంప్యూటరుతో పనిచేసే ‘సిమ్ వన్’ అనే రోగి బొమ్మ తయారయింది. 1995లో ‘ఎమర్జెన్సీ రూమ్’ అనే ఆట ఇంటి కంప్యూటర్లలోకి వచ్చింది. 2013లో బ్రిటన్‌లోని రిససిటేషన్ కౌన్సిల్ ‘లైఫ్‌సేవర్’ అనే ఆటను విడుదల చేసింది. అందులో సినిమాలాగా కథ నడుస్తుంది, మధ్యలో ఆగి “ఇప్పుడు ఏం చేస్తావు?” అని మనల్ని అడుగుతుంది.

మన తెలుగునాట 2005 ఆగస్టు 15న హైదరాబాదు కేంద్రంగా ఈఎంఆర్ఐ సంస్థ 108 సేవలను ప్రారంభించింది. అంబులెన్సులో వచ్చే సిబ్బందికి శిక్షణ ఇవ్వడంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ వైద్యులు పాలు పంచుకున్నారు. ఆ సిబ్బంది కూడా ముందు బొమ్మల మీద చేయి తిరిగిన తర్వాతే మనుషుల దగ్గరకు వస్తారు.

ఆట నేర్పేది ఏమిటి?

మొదటిది వరుస. ఇద్దరు గాయపడ్డారనుకుందాం. ఒకడు కాలు పట్టుకొని కేకలు వేస్తున్నాడు. ఇంకొకడు కదలక మెదలక పడి ఉన్నాడు. మన కన్ను కేకలు వేసేవాని మీదకే పోతుంది. కానీ కేక వేస్తున్నాడంటే వానికి ఊపిరి ఆడుతున్నట్లే. ముందు చూడవలసింది ఉలుకూ పలుకూ లేనివానిని. గాలి పోయే దారి, ఊపిరి, రక్త ప్రసరణ - ఈ వరుసను ఆట పదే పదే ఆడించి ఒంట పట్టిస్తుంది. అయితే రక్తం ధారగా కారుతుంటే ఆలస్యం చేయకుండా శుభ్రమైన గుడ్డతో అక్కడే గట్టిగా అదిమి పట్టాలి.

రెండవది కాలం. ఆటలో మనం ఆలోచిస్తూ కూర్చుంటే రోగి పరిస్థితి దిగజారుతూ పోతుంది. మూడవది సమీక్ష. ఆట ముగిశాక ఏది ముందు చేయాలి, ఏది చేయకూడదు అని లెక్క కట్టుకోవచ్చు. రోగి చనిపోయినా ఎవరి ఇంట్లోనూ ఏడుపు ఉండదు, మళ్లీ మొదటి నుండి ఆడవచ్చు.

ఆట ఎక్కడ ఆగిపోతుంది?

గుండె ఆగిన పెద్దవారికి ఛాతీ మధ్యన రెండు చేతులతో 5 నుండి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుండి 120 సార్లు నొక్కాలి. తెర మీద వేలితో చేస్తే ఆ లయ తెలుస్తుంది గాని, రెండు నిమిషాలకే చేతులు ఎలా పీకుతాయో తెలియదు. అది బొమ్మ మీదనే నేర్చుకోవాలి.

దానికన్నా పెద్ద లోటు మరొకటి ఉంది. ఆసుపత్రి ఆటలు రోగి మంచం మీదకు చేరిన తర్వాత మొదలవుతాయి. మన ఊళ్లలో కష్టమంతా అంతకు ముందే ఉంది. శనగ చేను నుండి రోడ్డుకు, రోడ్డు నుండి పెనుకొండకో హిందూపురానికో చేరే ఆ మొదటి గంటను మనమే ఆడి నేర్చుకోవాలి. దీనికి కంప్యూటరు అక్కర లేదు. నోటు పుస్తకం, గడియారం, నలుగురు మిత్రులు చాలు. ఒకరు రోగి, ఒకరు సహాయకుడు, ఒకరు గడియారం చూసేవారు, ఒకరు పరిస్థితి చదివేవారు.

ఒక ఆట ఆడి చూద్దాం

పరిస్థితి: సాయంత్రం 6 గంటలు. శనగ చెట్లు పీకుతుండగా చిన్నాయనకు కాలి మీద పాము కరిచింది. చుట్టూ ఉన్నవారు “తాడు బిగించి కట్టండి”, “మంత్రం వేసే ఆయన దగ్గరకు పోదాం పదండి” అంటున్నారు.

మొదటి నిమిషం: పాము నుండి దూరంగా జరగాలి. దానిని చంపడానికో, పట్టుకోవడానికో పోరాదు. కరిచిన సమయం రాసుకోవాలి. 108కి ఫోన్ చేయాలి.

తర్వాత: “చిన్నాయనా, భయపడొద్దు, కాలు కదపొద్దు” అని చెప్పి పడుకోబెట్టాలి. కడియాలు, మెట్టెలు, చెప్పులు తీయాలి. కర్ర ఆసరాగా పెట్టి, రక్తం ఆగనంత వదులుగా గుడ్డతో చుట్టాలి. తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పూయడం - ఏదీ చేయకూడదు. నడిపించకూడదు, మోసుకుపోవాలి. అంబులెన్సు ఆలస్యమయితే మోటారు సైకిల్ మీద మధ్యలో కూర్చోబెట్టి, వెనుక ఒకరు పట్టుకొని తీసుకుపోవాలి.

ఆసుపత్రిలో: పింజరి జాతి పాము విషం రక్తాన్ని గడ్డ కట్టనివ్వదు. అందుకని కొద్దిగా రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తారు. నాగుపాము, కట్లపాము విషం నరాల మీద పనిచేస్తుంది. కనురెప్పలు వాలిపోతాయి, ఊపిరి అందదు. విరుగుడు మందు కొందరికి పడకపోవచ్చు గనుక వైద్యుల సమక్షంలోనే ఇస్తారు. పిల్లలకు కూడా పెద్దల మోతాదే ఇస్తారు, ఎందుకంటే పాము చిన్నవాడని విషం తగ్గించి వదలదు గదా!

ఇది ఎందుకు ముఖ్యమంటే, 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ కూడా ఒకటి. ఎక్కువ మంది పల్లెల వారే, అంటే మన అమ్మానాన్నల వంటివారే.

అభ్యాసం

1. మీ ఊరి నుండి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, పెనుకొండకు, హిందూపురానికి పగలు ఎంత సేపు, రాత్రి ఎంత సేపు పడుతుందో కనుక్కొని రాయండి.

2. పాముకాటు మందు ఎక్కడ నిల్వ ఉంటుందో సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఆశా కార్యకర్తను అడిగి తెలుసుకోండి.

3. 44వ జాతీయ రహదారి మీద ప్రమాదం జరిగిందనుకొని పై విధంగానే ఆడండి. సదుద్దేశంతో సహాయం చేసినవారికి 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ ఇస్తుందని గుర్తుంచుకోండి.

ఈ మూడింటికి జవాబులు రాసిన కాగితాన్ని మీ ఇంటి గోడకు అంటించండి. చదవడం రాని పెద్దలకు ఒకసారి చదివి వినిపించండి.